మూత మీది పేరు

కిందటి వారం ఆమెను వంటింట్లో, చెవికి ఫోను ఆనించుకుని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళ్దాం. అవతల కొండ మీద పిల్ల ఉంది కాబట్టి నాకూ ఎక్కువ వ్యవధి లేదు.

ఆమెది తూకాలు సరిచూసే ఉద్యోగం. దుకాణాల్లో త్రాసులు, ఆసుపత్రుల్లో పసిపిల్లలను తూచే యంత్రాలు, మందుల షాపుల్లో చిన్న కాటాలు, అన్నిటినీ పరీక్షించి సీలు వేస్తుంది. గ్రాములో పదోవంతు తేడా వచ్చినా ఊరుకునే రకం కాదు. ఆమె కూతురికి పదకొండేళ్లు. ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి ఇంటిల్లిపాదీ ‘మిడత’ అని పిలుస్తారు. ఏడో ఏట ఆ పిల్లకు టైప్ వన్ షుగర్ అని తేలింది. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు, పూటపూటా సూదితో వేసుకోవలసిందే. తక్కువైతే షుగర్ పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోయి స్పృహ తప్పుతుంది. బయట ఊరందరి త్రాసులూ సరిచేసే మనిషి, ఇంట్లో నాలుగేళ్లుగా ఈ ఒక్క త్రాసును పట్టుకుని వేలాడుతోంది.

మూడు నెలల కిందట డైటీషియన్ ఒక తెల్లటి పొడి మొదలుపెట్టించింది. ప్రీబయోటిక్ పీచు. రోజూ పొద్దున రెండు చెంచాలు నీళ్లలో కలిపి తాగాలి. ‘ఇది ఇన్సులిన్‌కి బదులు కాదు, తోడు మాత్రమే. పనిచేస్తే ఒడుదొడుకులు కాస్త తగ్గుతాయి’ అని ముందే చెప్పింది. నిజంగానే తగ్గాయి. పిల్ల కడుపు మాత్రం రోజంతా బ్యాండు వాయించేది. తరగతిలో వెనక బెంచీవాళ్లు ముక్కులు మూసుకుని నవ్వుతున్నారని ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఏమైతేనేం, అంకెలు బాగున్నాయి కదా అని తల్లి పొంగిపోయింది.

సరిగ్గా ఎనిమిది రోజుల కిందట ఆ అంకెలు అడ్డం తిరిగాయి. పొద్దుటి టిఫిన్ తర్వాత మీటరు రెండువందల ఎనభై, మూడువందల పది చూపించడం మొదలుపెట్టింది. డాక్టరుగారికి ఫోనులో అన్నీ చదివి వినిపించి, ఆయన సరేనన్నాక పొద్దుటి ఇన్సులిన్ ఆరు యూనిట్ల నుంచి తొమ్మిదికి పెంచింది. అంతటితో ఆగితే బాగుండేది. పిల్ల చాటుగా మిఠాయిలు తింటోందని అనుమానపడింది. స్కూలు బ్యాగు నేల మీద బోర్లించి వెతికింది. ఏమీ దొరకలేదు. అయినా వదలకుండా, ఇకమీదట ఎవరు పెట్టినా తీపి ముట్టనని తన మీద ఒట్టు వేయించుకుంది.

ఈ ఉదయం మిడత బడివాళ్లతో కలిసి కొండ మీది వాతావరణ కేంద్రం చూడ్డానికి వెళ్లింది. తల్లికి ఈ రోజు సెలవు. పదింటికి డైటీషియన్ ఫోను చేసింది. మాటల మధ్యలో ఆమె అడిగిన ప్రశ్న దగ్గర మనం ఆగాం: ‘ఇంతకీ పాప కడుపు ఎలా ఉంది?’

ఇక్కడి నుంచి ఈ వారం.

“కడుపుకేమండీ, నిక్షేపంగా ఉంది,” అంది ఆమె. “గ్యాసు బాధ వారం నుంచి బొత్తిగా లేదు. అలవాటు పడిపోయినట్టుంది.”

అవతల డైటీషియన్ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“వారం నుంచా? షుగర్ పెరగడం మొదలై ఎన్నాళ్లయింది?”

“అదీ వారమే. ఎనిమిది రోజులు.”

“చూడండమ్మా, ఆ పీచు మన కడుపులో అరగదు. అరక్కుండా పెద్దపేగు దాకా పోయి, అక్కడుండే మంచి సూక్ష్మజీవులకి మేత అవుతుంది. అవి దాన్ని పులియబెడతాయి. గ్యాసు వచ్చేది అందుకే. మెల్లగా తగ్గచ్చు, నేను కాదనను. కానీ ఒక్క రోజులో, కొళాయి కట్టేసినట్టు ఆగిపోదు. పాప తాగకుండా పారబోస్తోందేమో?”

“లేదండీ. నేను ఎదురుగా నిలబడి తాగిస్తా. చివరి చుక్క దాకా.”

“మరి ఆ గ్లాసులో ఏముంది?”

ఆ ప్రశ్న డైటీషియన్ మామూలుగానే అడిగింది. కానీ ఆమె చూపు అక్కడే అతుక్కుపోయింది. ఎందుకంటే గ్లాసు ఎదురుగానే ఉంది. పొద్దున బస్సు పది నిమిషాలు ముందే వచ్చి హారన్ మోగించేసరికి, మిడత టిఫిన్ సగం నోట్లో కుక్కుకుని, గ్లాసు ముట్టకుండానే పరిగెత్తింది. ఒక్కపూట పీచు మానేస్తే కొంప మునగదులే అని తల్లి కూడా ఊరుకుంది. మూడు గంటలుగా ఆ గ్లాసు బల్ల మీదే ఉంది. ఇప్పుడు దాని అంచు చుట్టూ చీమలు చేరాయి. పదీ పాతికా కాదు, గోడ పగులు నుంచి బల్ల కాలి మీదుగా గ్లాసు దాకా ఒకటే బారు.

“మళ్లీ చేస్తానండీ,” అని ఫోను పెట్టేసింది.

ఆ వంటింటి అలమర గురించి ఒక మాట చెప్పాలి. అందులో ఉన్న డబ్బాలన్నీ ఒకే రకం. మిడత పసిగుడ్డుగా ఉన్నప్పుడు కొన్న పాలపొడి డబ్బాలను అత్తగారు ఒక్కటి కూడా పారేయనివ్వలేదు. ఇరవైరెండు డబ్బాలు, ఒకే ఎత్తు, ఒకే తగరం రంగు. దేనిలో ఏముందో మూత మీద కాగితం అంటించి, అత్తగారు గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. మూత మీదే ఎందుకంటే, కింది అరలో డబ్బాలు పైనుంచి చూస్తే కనబడేది మూతలే కాబట్టి. పొందికైన ఇల్లు అని చుట్టాలందరూ మెచ్చుకునేవారు. పీచు పొడి సంచిలో ఉంటే గడ్డకడుతోందని ఒక డబ్బాలోకి మారింది. షుగర్ పడిపోయినప్పుడు పిల్ల నోట్లో వేసుకునే గ్లూకోజు పొడిది దాని పక్క డబ్బా.

ఆమె రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టి మూతలు తీసింది. ఇదీ తెల్లటి పొడే, అదీ తెల్లటి పొడే. వేలు అద్ది నాలుక మీద పెట్టుకుంది. రెండూ తీపే. ఒకటి కాస్త ఎక్కువ, ఒకటి కాస్త తక్కువ అనిపించింది. కానీ భయంతో ఎండిపోయిన నాలుకను నమ్మే మనిషి కాదు ఆమె. కొలిచి చూస్తేగాని ఏ తూకాన్నీ ఒప్పుకోని చెయ్యి అది.

అలమర పైఅరలో మిడత పాత మీటరు ఉంది. కొత్తది పిల్ల వెంట వెళ్లింది. ఆమె రెండు గిన్నెల్లో మంచినీళ్లు పోసి, దీంట్లో ఇది చిటికెడు, దాంట్లో అది చిటికెడు కలిపింది. నాలుగేళ్లుగా కూతురి వేలి రక్తపు చుక్కకు అందిస్తూ వచ్చిన మీటరు పట్టీల్లో ఒకదాన్ని, జీవితంలో మొదటిసారి, నీళ్లకు అందించింది.

‘గ్లూకోజు’ అని మూత ఉన్న డబ్బాలోని పొడి నీళ్లు. మీటరు అయిదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టి, కొలవలేనంత తక్కువ అంది.

‘పీచు’ అని మూత ఉన్న డబ్బాలోని పొడి నీళ్లు. కొలవలేనంత ఎక్కువ అంది.

ఆమె మళ్లీ చేసింది. కొత్త పట్టీలు తీసి, గిన్నెలు కడిగి, మళ్లీ చేసింది. మీటరు మాట మార్చలేదు.

“అత్తయ్యా!”

అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆ పిలుపు విని, చేతిలో తడి తువ్వాలుతోనే లోపలికి వచ్చింది.

“ఏమిటే అమ్మాయ్, ఆ కేక? ఏమైంది?”

“ఈ డబ్బాలు మీరు ఎప్పుడు కడిగారు?”

“కడిగితే నేరమా? పోయిన ఆదివారం కడిగా. గ్లూకోజు డబ్బాకి చీమలు పట్టాయి. పొడి రెండు గిన్నెల్లోకి వంపి, డబ్బాలు శుభ్రంగా తోమి, ఎండలో పెట్టి, మళ్లీ పోశా.”

“మూతలు?”

“మూతలూ కడిగా. కాగితం తడవకుండా గుడ్డతో తుడిచా. ఏం, అక్షరాలు చెరిగిపోయాయా?”

“ఏ డబ్బాకి ఏ మూత పెట్టారు?”

“మూత మీద పేరుంది కదా, చదివే పెట్టా…” అత్తగారి మాట నడుస్తూ నడుస్తూ ఆగింది. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు. కోడలి ముఖం చూసింది. రెండు గిన్నెలు చూసింది. వాడేసిన పట్టీలు చూసింది. “రెండూ తెల్లగానే ఉన్నాయి కదమ్మా,” అంది నెమ్మదిగా.

“వారం రోజులుగా దానికి పొద్దున్నే గ్లూకోజు తాగిస్తున్నా అత్తయ్యా! నా చేత్తో! పీచు అనుకుని రెండు చెంచాలు, గుండ్రంగా పొర్లిపోయేట్టు!”

“చీమలు మళ్లీ వచ్చాయే,” అంది అత్తగారు. ఆవిడ గొంతు ఆవిడకే వినిపించనంత చిన్నదైపోయింది. “ఈసారి పీచు డబ్బాకి వచ్చాయి. పీచుకి కూడా పడతాయి కాబోలని తుడిచేశా. నీతో అందామనుకున్నా. నువ్వేమో వారం నుంచి మొహం చిటపటలాడిస్తూ తిరుగుతున్నావు. ఇంత మాత్రానికి ఎందుకులే అని ఊరుకున్నా.”

“ఊరుకున్నారా! చీమకి తెలిసింది మనకి తెలియలేదు, మీరేమో ఊరుకున్నారు! మా ఆఫీసులో ఏం చేస్తామో తెలుసా మీకు? ముద్ర పెట్టె మీద కొట్టం, తూకపురాయి మీద కొడతాం. పెట్టెలు మారిపోతాయి కాబట్టి! ఎన్నిసార్లు చెప్పాను, డబ్బా మీద రాయండి, మూత మీద వద్దు అని?”

“ఒక్కసారి కూడా చెప్పలేదు.”

నిజమే. ఊళ్లో అందరికీ చెప్పింది కానీ ఇంట్లో చెప్పలేదు. ఆ వరుసగా పేర్చిన డబ్బాలను చూసి తనూ ముచ్చటపడింది.

“మూతలు మార్చింది నేనే,” అంది అత్తగారు. కళ్లనుండి నీళ్లు కారుతున్నా మాట మాత్రం తడబడలేదు. “ఒప్పుకుంటున్నా. నన్ను ఏమన్నా అను, పడతా. కానీ వారం రోజులు ఆ పసిదాన్ని దొంగని చేసింది మాత్రం నేను కాదు. బ్యాగు బోర్లించింది నేను కాదు. ‘నానమ్మా, నేను నిజంగా ఏం తినలేదు, నువ్వైనా నమ్ము’ అని నా ఒళ్లో పడి ఏడిస్తే, నమ్మింది నేనొక్కదాన్నే.”

ఆ మాటకు జవాబు వెతుక్కునే తీరిక ఆమెకు లేదు. ఎందుకంటే అప్పటికే ఆమె బుర్ర మిగతా లెక్క చేసేస్తోంది. ఆపుదామన్నా ఆగడం లేదు.

పెంచిన ఇన్సులిన్ ఆ దొంగ గ్లూకోజును తట్టుకోవడానికే. ఈ పొద్దున గ్లూకోజు గ్లాసులోనే ఉండిపోయింది. టిఫిన్ సగమే తింది. తొమ్మిది యూనిట్లు మాత్రం ఒంట్లోకి పూర్తిగా వెళ్లాయి. ఆపైన కొండ. ఆరువందల మెట్లు. ఆ పిల్ల మెట్లను మెట్లలా ఎక్కదు, ఎగిరి ఎగిరి ఎక్కుతుంది.

షుగర్ పడిపోతుంది. పడిపోవడం కొత్తేమీ కాదు. ఒళ్లు వణికితే, చెమటలు పడితే ఏం చెయ్యాలో మిడతకు బాగా తెలుసు. నడుముకు కట్టుకున్న చిన్న సంచిలోంచి ఎర్ర డబ్బీ తీసి, అందులో ఉన్న గ్లూకోజు నోట్లో పోసుకోవాలి.

ఆ ఎర్ర డబ్బీని ఈ ఉదయం ఆమే నింపింది. మూత చదివి, జాగ్రత్తగా, పై అంచు దాకా నింపింది. ఏ డబ్బాలోంచి నింపిందో ఇప్పుడు తెలుసు. పిల్ల ఎంత తింటే అంత పీచు. అది ఒంట్లో అరిగేది కాదు, షుగర్‌ను వీసమెత్తు పెంచేదీ కాదు. సాక్షాత్తూ కన్నతల్లి, మునిగిపోతున్న పిల్ల చేతికి ఇసుక సంచి ఇచ్చి ‘తేలు’ అని పంపింది.

ఇలాంటప్పుడు కూలబడి ఏడవడానికి మనిషికి హక్కు ఉంటుంది. ఆమె కూలబడలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసింది.

సైన్సు టీచరు నంబరు కొట్టింది. అందుబాటులో లేదు. మళ్లీ కొట్టింది. కొండ మీద సిగ్నల్ ఉండదని నిన్న తల్లిదండ్రుల సమావేశంలో టీచరే చెప్పింది, ‘రెండు గంటలు పిల్లల్ని ఫోన్లకి దూరంగా ఉంచుదాం’ అని అందరూ చప్పట్లు కొట్టారు కూడా. భర్తకు చేసింది. ఆయన లిఫ్టు మెకానిక్. పన్నెండో అంతస్తు దగ్గర, లిఫ్టు తిరిగే దారిలో తాళ్లకు వేలాడుతూ ఉంటాడు, ఫోను కింద పెట్టెలో ఉంటుంది. అది మోగి మోగి ఊరుకుంది.

“బడికి చెయ్యి,” అంది అత్తగారు. “ఆ పైన ఉన్నవాళ్లకి ఇల్లో ఆఫీసో ఉంటుందిగా. దానికి ఒక ఫోను ఉండదూ?”

బడి గుమస్తా ముందు కారణం అడిగాడు, తర్వాత పిల్ల తరగతి అడిగాడు, ఆ తర్వాత సెక్షను అడిగాడు. “నా కూతురు చచ్చిపోతుంది, నంబరు ఇస్తారా ఇవ్వరా!” అని ఆమె అరిచింది. గుమస్తా కిక్కురుమనకుండా నంబరు చదివాడు. అత్తగారు తడి వేలితో బల్ల మీద రాలిన పొడిలో రాసుకుంది.

కొండ మీది ఫోను మోగుతోంది. ఒకటి. రెండు. అయిదు. తొమ్మిది. పదకొండో మోతకు ఎవరో ఎత్తారు.

“వాతావరణ కేంద్రం. ఈ రోజు వాన లేదండీ,” అంది ఒక ముసలి గొంతు. ఆయనకు వచ్చే ఫోన్లన్నీ బట్టలు ఆరేసుకునేవాళ్లవే కాబోలు.

“వాన కాదండీ! మీ దగ్గరికి బడిపిల్లలు వచ్చారు కదా, అందులో మా అమ్మాయి ఉంది. పసుపు టోపీ. నడుముకి చిన్న సంచి కట్టుకుని ఉంటుంది. షుగర్ ఉన్న పిల్ల. ఎక్కడుందో చూస్తారా, ఒక్కసారి!”

“చూడక్కర్లేదమ్మా, కిటికీలోంచి కనబడుతోంది. అందరూ పైకి వచ్చేశారు, ఆ అమ్మాయి మాత్రం ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉంది. టీచరమ్మ పక్కనే ఉంది, కంగారు పడకండి. డబ్బీలోంచి ఏదో పొడి తింటోంది.”



“ఆ పొడి వద్దు! అది పనిచెయ్యదు. అది గ్లూకోజు కాదు, పొరపాటు జరిగింది. మీ దగ్గర పంచదార ఉందా?”

“టీలోకి వేసుకునేది ఉంది. సీసాడు.”

“నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి పట్టండి. పిల్ల తెలివిగా ఉండి మింగగలిగితేనే. వెంటనే! టీచరుని ఫోను దగ్గరికి పంపండి!”

ముసలాయన ఫోను పెట్టేయలేదు, బల్ల మీద పడేసి పరిగెత్తాడు. ఆ వయసులో ఆ పరుగు ఆమెకు చెవిలో వినిపించింది. ఆ తర్వాత ఏదో యంత్రం టకటకమని కొట్టుకుంటున్న శబ్దం. గాలి. దూరంగా పిల్లల నవ్వులు. ఎవరో చిన్నపిల్ల ‘మేఘం బరువెంత ఉంటుంది సార్’ అని అడుగుతోంది. ఆ నవ్వుల్లో తన పిల్ల నవ్వు లేదు. అది ఎంతమందిలో ఉన్నా ఆమెకు తెలుస్తుంది.

“ఏమంటున్నారు?” అంది అత్తగారు.

“వెళ్లారు. పట్టుకొస్తున్నారు.”

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. కాసేపటి కిందట ఆ ఇద్దరూ అనుకున్న మాటలు ఆ గదిలో ఇంకా ఆరలేదు. అయినా ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఫోనులో అడుగుల చప్పుడు అయింది. ఒకరివి కాదు, చాలామందివి. టీచరు గొంతు ఆయాసపడుతూ వినిపించింది.

“అమ్మా, నేనే. లోపలికి ఎత్తుకొచ్చాం, బల్ల మీద కూర్చోబెట్టాం. నాలుగొందల మెట్టు దగ్గరే వణుకు అంది. మీటరు చూస్తే అరవై రెండు. పొడి తింది. ‘పావుగంటలో సర్దుకుంటుంది టీచర్, నాకు అలవాటే’ అంది. పావుగంటయ్యాక చూస్తే యాభై ఒకటి. మళ్లీ తింది. ఇప్పుడు ముప్పై ఎనిమిది! డబ్బీ ఖాళీ అయిపోయింది. తినేకొద్దీ పడిపోతోందేంటమ్మా?”

“డబ్బీ మర్చిపోండి. షుగర్ పెంచే ఇంజెక్షను పెట్టె ఉందా? నారింజ రంగుది?”

“పెద్ద బ్యాగులో ఉంది. బ్యాగులు బరువని బస్సులో వదిలేయమన్నాను, బస్సు కింద ఉంది. మా డ్రిల్లు మాస్టారిని పంపించా, దిగుతున్నాడు.”

ఆరువందల మెట్లు దిగాలి, మళ్లీ ఆరువందలు ఎక్కాలి. ఆమె ఆ లెక్క చెయ్యదలచుకోలేదు. అయినా అయిపోయింది.

“పంచదార నీళ్లు పట్టారా?”

“తాగడం లేదమ్మా. గ్లాసు తోసేసింది. ఆ పెద్దాయన చెంచాతో పెట్టబోతే చెయ్యి కొరికింది. ఆ పిల్ల నోట అలాంటి మాటలు నేనెప్పుడూ వినలేదు. ఎంత బతిమాలినా వద్దంటోంది.”

షుగర్ అంత పడిపోయినప్పుడు మనిషి మనిషిలా ఉండదు. ఆమెకు అది తెలుసు. కోపం వస్తుంది, మాట తడబడుతుంది, ఎదుటివాళ్లు చెప్పేది బుర్రకెక్కదు.

“ఫోను దాని చెవి దగ్గర పెట్టండి.”

ఏదో జరిపిన చప్పుడు. తర్వాత చిన్న చిన్న ఊపిరులు, తడిగా, దగ్గరగా.

“మిడతా, నేనమ్మా. అమ్మని. ఆ తాతగారు ఇచ్చే నీళ్లు తాగు తల్లీ.”

“వొద్దు.” మాట ముద్దముద్దగా వచ్చింది. “తీపి… తీపిగా ఉంది.”

“ఉండనీ. అదే కావాలి నీకు. నా బంగారం కదూ, తాగెయ్.”

“నువ్వు… చూస్తున్నావా? ఊరికే… పరీక్ష పెడుతున్నావు.”

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమైనప్పుడు, నిలబడ్డ నేల కింద ఏమీ లేనట్టయింది.

“పరీక్ష కాదు నాన్నా! నువ్వేం దొంగతనం చెయ్యలేదు. నాకు తెలిసిపోయింది. తప్పు నాది, అమ్మది! డబ్బాలు మారిపోయాయి, నేను చూసుకోలేదు. నిన్ను అనవసరంగా అన్నాను. ఒట్టు తీసేస్తున్నా, వింటున్నావా? నేనే తీసేస్తున్నా. తాగు!”

అవతలి నుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా.

“మిడతా! నానమ్మ కూడా ఇక్కడే ఉంది. తాగమంటోంది.”

“తాగవే, నా తల్లే, తాగు!” అని అత్తగారు ఫోను మీదికి వంగి ఏడుస్తూ అరిచింది.

“నేను… తినలేదు,” అంది మిడత. నిద్రలో మాట్లాడుతున్న పిల్లలా, ఎవరికీ కానట్టు అంది. “బ్యాగు… చూసుకో అమ్మా. ఏం లేవు.”

ఫోను కింద పడ్డ చప్పుడు అయింది. ఎవరో పిల్లలు ఒక్కసారిగా కెవ్వుమన్నారు. ‘పక్కకి తిప్పండి, పక్కకి తిప్పండి’ అని టీచరు గొంతు. ఆమె పిలిచింది. ముద్దుపేరుతో పిలిచింది, అసలు పేరుతో పిలిచింది, గొంతు చిరిగిపోయేలా పిలిచింది.

చాలాసేపటికి, అంటే బహుశా పది సెకన్లకి, ఫోను ఎవరో ఎత్తుకున్నారు. ముసలాయన.

“అమ్మా, కళ్లు తేలేసింది. పంచదార చెంచా నా చేతిలోనే ఉంది. పళ్లు బిగబట్టేసిందమ్మా, రెండు చేతులా పట్టుకున్నా నోరు తెరవడం లేదు. ఏం చెయ్యమంటారు?”